యోగానంద్‌గారు బిగించిన బాత్‌రూమ్

యోగానంద్‌గారు జీవితంలో ఒక్క తప్పూ చెయ్యలేదు. నమ్మకపోతే ఆయన్నే అడగండి. ఆయన బిగించినదేదైనా వంకరగా ఉందని ఎవరైనా అంటే, కళ్ళజోడు సర్దుకుని, తాపీగా ఒకటే మాట అంటారు: "అది అలాగే ఉండాలి."

విదేశంలో, అరోరా అనే ఊళ్ళో వాళ్ళింట్లో వంటింటి అలమర తలుపు ఫ్రిజ్‌కి కొట్టుకుని సగమే తెరుచుకుంటుంది. అలాగే ఉండాలి. కాలింగ్ బెల్ నొక్కితే గరాజ్‌లో మోగుతుంది. అదీ అలాగే ఉండాలి. ప్లంబర్‌ని పిలుద్దామంటే మాత్రం ఆయన పరువు పోతుంది. "బ్రిడ్జిలు డిజైన్ చేసినవాణ్ణి నళినీ, బాత్‌రూమ్ ఒక లెక్కా?" అంటారు. భార్య నళినిగారు ఆ బ్రిడ్జిల మీదుగా వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ కళ్ళు గట్టిగా మూసుకుంటారు.

అలాంటి మనిషి రిటైరయ్యాక కింది బాత్‌రూమ్ మొత్తం పగలగొట్టారు. అదీ సరిగ్గా నళినిగారి అక్క ఉమామహేశ్వరిగారు కమ్మింగ్ అనే ఊరి నుంచి వేసవికి వస్తానన్నప్పుడు!

ఉమామహేశ్వరిగారు పెద్ద డాక్టరు. ఈమధ్యే బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది, చేతికి కర్ర వచ్చింది, పంతం మాత్రం పోలేదు. పట్టుకోవడానికి కూతురు గోడకి కడ్డీలు పెట్టిస్తే మర్నాడే పీకించేశారు. చెల్లెలికీ ఫోన్లో ముందే చెప్పేశారు: "చూడవే, నన్ను పేషెంట్‌లా చూశావో, నెక్స్ట్ ఫ్లైట్‌కి రిటర్న్ అయిపోతా!"

నళినిగారికి అదే బెంగ. అక్క ఒంటరిగా స్నానం చేసేదెలా? మళ్ళీ పడితే? పోనీ తోడుంటానంటే ఊరుకుంటుందా?

ఈలోగా యోగానంద్‌గారు టవల్ రాడ్ నడుము ఎత్తులో బిగించారు.

"ఏమండీ, టవల్ నేలకి తగులుతుంది కదండీ!"

"అది అలాగే ఉండాలి."

మర్నాడు ఆ రాడ్ ఊడి ఆయన చేతికే వచ్చింది. అక్కడి ఇళ్ళ గోడలు పైకి అట్టే, లోపల అక్కడక్కడే చెక్క; ఆ చెక్క ఉన్నచోటు చూసుకోకుండా ఉత్త అట్టకి బిగించేశారు మరి! ఆయన గోడంతా వేళ్ళతో తట్టి, చెక్క దొరికినచోట మళ్ళీ బిగించి, రెండు చేతులతో వేలాడి చూశారు.

"టవల్‌కి ఇంత వేలాడటం దేనికండీ?"

"తడి టవల్ బరువుంటుంది నళినీ."

పాత టబ్ తీసేసినచోట టైల్స్‌తో గట్టు వెలిసింది. కొత్త కమోడ్ మీద కూర్చుంటే నళినిగారి కాళ్ళు నేలకి అందలేదు. షవర్ ఆయన నడుము దగ్గరే ఆగిపోయింది.

"అక్క మోకాళ్ళ మీద స్నానం చెయ్యాలా? మీకు దణ్ణం పెడతా, ఒక్కసారి ప్లంబర్‌ని పిలవండి!" నళినిగారికి నిజంగానే ఏడుపొచ్చింది.

"అది అలాగే ఉండాలి," అన్నారాయన.

ఉమామహేశ్వరిగారు వచ్చారు. కర్ర ఆనించుకుని బాత్‌రూమ్ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటే చూశారు. రాడ్, గట్టు, కమోడ్. ఆవిడ గొంతు కరుకైంది. "ఏమే, ఇదంతా నా కోసమేనా?"

అప్పుడు తట్టింది నళినిగారికి. ఓరి దేవుడా, ఈయన ఇన్నాళ్ళూ చేసింది ఇదా! పట్టుకోవడానికి రాడ్, కూర్చుని స్నానం చెయ్యడానికి గట్టు, వంగకుండా కూర్చోవడానికి ఎత్తు కమోడ్!

"మీ కోసమా? ఎక్కడి మాట వదినగారూ!" యోగానంద్‌గారు ముందుకొచ్చి చేతులు జోడించారు. "రాడ్ కొలత తప్పింది. షవర్ ఎత్తు తప్పింది. కొత్త టబ్ తెస్తే తలుపులో పట్టలేదు, ఆ ఖాళీలో గట్టు కట్టేశా. అన్నీ తప్పులే! నవ్విపోకండి."

పెళ్ళైనప్పటి నుంచీ నళినిగారు ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు.

ఉమామహేశ్వరిగారు పగలబడి నవ్వారు. "బ్రిడ్జిలు కూడా ఇలాగే కట్టారా మరిదిగారూ?" నవ్వుతూ నవ్వుతూ తెలియకుండానే రాడ్ పట్టుకున్నారు. అది ఇసుమంతైనా కదల్లేదు. అలాగే లోపలికెళ్ళి తలుపేసుకున్నారు.

కాసేపటికి నీళ్ళ చప్పుడు వినిపించింది. నళినిగారు మొగుడి వైపు చూశారు. కళ్ళు తడిగా ఉన్నాయి, నవ్వూ ఆగడం లేదు.

అంతలో లోపల్నించి కేక. "మరిదిగారూ! ఎర్ర గుర్తు వైపు తిప్పితే చన్నీళ్ళొస్తున్నాయేంటండీ?"

"అది కూడా అక్క కోసమేనా అండీ?" అని మెల్లగా అడిగారు నళినిగారు.

యోగానంద్‌గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"అది అలాగే ఉండాలి."