మళ్ళీ గాలి పట్టావా?

చిరాగ్‌పల్లి దాటాక అల్లం లారీ మీద టార్పాలిన్ ఊడి పటపటా కొట్టుకుంటే, ఇప్పటికీ నా చెయ్యి దానంతటదే తాడు కోసం వెతుకుతుంది. తెరచాపలో గాలి తప్పిపోతే సరిగ్గా అదే చప్పుడు. కోహీర్‌లో అల్లం పండించే ఇంట్లో పుట్టినదానికి తెరచాపతో ఏం పని అంటారా? అంతా సూర్యారావు గారి పుణ్యం.

ఆయనది కాకినాడ. జహీరాబాద్‌లో ట్రాక్టర్లకు గేర్లు చేసే చిన్న కంపెనీలో తనిఖీ విభాగానికి పెద్ద. నేను ఆయన కింద కొత్త ఇంజనీరుని. ఆదివారం వస్తే చాలు, హైదరాబాద్ వెళ్ళి హుస్సేన్‌సాగర్‌లో లేజర్ పడవ నడిపేవారు. ఒక మనిషి, ఒక తెరచాప, అంతే. పందెంలో పడవలన్నీ ఒకే అచ్చు. ఒకసారి నేను కొలత తప్పుగా తీసి, నేరం కొలిచే గేజీ మీదకు నెట్టేస్తే ఆయన నవ్వారు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందమ్మా. ఆదివారం నాతో రా. అక్కడ అందరి మద్దెలా ఒకటే." వెళ్ళాను. మొదటిరోజే మూడుసార్లు బోల్తాపడి సాగర్ నీళ్ళు కడుపునిండా తాగాను.

రెండేళ్ళు తిరిగేసరికి ఆయనతోనే పోటీపడ్డాను. అప్పటికి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి, డాక్టరు ఇక చాలన్నారు. అదే ఆఖరి పందెం. ఒక్కసారైనా కప్పు గెలవాలని పాపం ఎంత ఆశపడ్డారో! చుట్టి రావడానికి గుర్తుగా నీళ్ళమీద తేలేసిన ఆఖరి రబ్బరు బుడగ దగ్గర ఆయన ముందు, నేను వెనక. ఉన్నట్టుండి ఆయన పడవ ఉన్నచోటే గిర్రున ఒక చుట్టు తిరిగింది. నేను దాటిపోయి గెలిచాను. ఒడ్డుకొచ్చాక ఒళ్ళు మండిపోయింది.

"నాకు బిచ్చమేసిన్రా సార్? నేను గెలువననుకున్నరా?"

"నీకోసం కాదు తల్లీ. నా పడవ ఆ బుడగకు రాసుకుంది. రాసుకుంటే ఒక చుట్టు తిరగాలి. ఆట రూలు."

"ఎవ్వలు చూడలే గదా! ఎన్కనే ఉన్న నేను గూడ చూడలే."

"అందుకే నేనే చెప్పుకోవాల్సొచ్చింది." తడిచొక్కా పిండుకుంటూ మళ్ళీ అన్నారు, "అది వదిలెయ్. తిరిగాక ఎలా గాలి పట్టానో చూశావా? మూడోవాణ్ణి అందనిచ్చానా?"

కిందటేడు, నేను సరేనని సంతకం పెట్టిన గేర్లలో ఒక కొలత తప్పు చదివానని మర్నాటికి నాకే తెలిసింది. ఇంకెవరికీ తెలియదు, పెట్టెలు అప్పటికే లారీకెక్కాయి. వారంలో ప్రమోషన్ల జాబితా రాబోతోంది. భయపడ్డాను, అబద్ధమెందుకు? అయినా మేనేజరు దగ్గరికి వెళ్ళి, "తప్పు నాదే సార్, లారీ ఆపున్రి" అన్నాను. పెట్టెలన్నీ దిగాయి. జాబితాలో నా పేరు రాలేదు.

సూర్యారావు గారు అప్పటికే రిటైరై కాకినాడ వెళ్ళిపోయారు. ఫోన్ చేశాను. మెచ్చుకుంటారనుకున్నాను.

"సరే, తిరిగావు. మళ్ళీ గాలి పట్టావా?"

"ఇంకా పట్టలే సార్."

"అయితే ఫోన్ పెట్టెయ్! పందెం మధ్యలో కబుర్లేంటి?"

ఏడుస్తూనే నవ్వాను. పెట్టేసి, గేజీ తీసుకుని పనిలోకి వెళ్ళాను.

కప్పు మా వంటింట్లో ఉంది, అమ్మ అందులో అల్లం వేసుకుంటుంది. ఆయన ప్రశ్న మాత్రం రోజూ నాతో డ్యూటీకి వస్తుంది. ఈ ఏడు తనిఖీ విభాగం నాదే. హైవే మీద టార్పాలిన్ చప్పుడు వినబడినప్పుడల్లా పైకే అనేస్తాను, "పట్టిన సార్."