టైర్ల కుప్ప వెనక కిటికీ

ఆ రోజుల్లో మా వైపు దేన్నీ పారేసే అలవాటు ఉండేది కాదు. "ఉండనీ, పనికొస్తుంది" అని ఒక మూలన పెట్టేవాళ్లం, ఆ మూల నిండితే ఇంకో మూల వెతుక్కునేవాళ్లం. ఈ సంగతి ఇప్పుడు గుర్తుకు రావడానికి మొన్న పేపర్లో చదివిన నాలుగు వాక్యాలే కారణం. కొన్ని దేశాల్లో కొత్త టైరు అమ్మేటప్పుడే, పాత టైర్ల కుప్పలు ఎత్తించడానికని కొంత రుసుము కలిపి తీసుకుంటారట. చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ పద్ధతిని నేను నలభై ఏళ్ల క్రితమే భీమవరం దగ్గర ఒక చిన్న ఊళ్లో, ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బాతో అమలు చేశాను. (సాక్ష్యం ఉంది. పదిహేనో ఏట నుంచి రాస్తున్న డైరీలు బీరువాలో సంవత్సరాల వరసలో ఉన్నాయి.) కాకపోతే వాళ్లు ఊరి బాగు కోసం చేశారు, నేను ఒక కిటికీ కోసం చేశాను.

డిగ్రీ పూర్తయి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, మా బాబాయి టైర్ల షాపులో గుమాస్తాగా కూర్చున్నాను. ఎవరు ఏం చెప్పబోయినా ఆయన ముందు "ఆగు" అనేవారు గనక ఊరంతా ఆయన్ని బ్రేకు బాబాయి అనేది. షాపు వెనక ఖాళీ జాగాలో ట్రాక్టర్లవీ, లారీలవీ, స్కూటర్లవీ అరిగిపోయిన టైర్లు మనిషెత్తు దాటి పేరుకుపోయి ఉండేవి. ఆ కుప్పకు అవతల పెంకుటింట్లో, నరసాపురం నుంచి బదిలీ మీద వచ్చిన లెక్కల మాస్టారు, ఆయన భార్య, వాళ్లమ్మాయి అద్దెకుండేవారు. అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని లేసు అల్లేది. కుప్పలో ఒక లారీ టైరు నిలువుగా ఇరుక్కుని ఉండేది. దాని నడిమి కన్నంలోంచి చూస్తే ఆ కిటికీ, సూది పట్టిన చెయ్యి, అప్పుడప్పుడు వంచిన తల కనిపించేవి. రోజుకు నాలుగుసార్లు స్టాకు సరిచూసే గుమాస్తా దొరికాడని బాబాయి నలుగురికీ చెప్పుకుని మురిసిపోయేవారు. నా డైరీలో మాత్రం ఇలా ఉండేది: "కిటికీ ఉదయం తొమ్మిదింపావుకు తెరిచారు. సాయంత్రం నాలుగింటికి మూశారు. కారణం, దోమలు."

ఒక వేసవి పొద్దున మాస్టారి భార్య షాపుకొచ్చారు. "అన్నయ్యగారండీ, ఆ టైర్లలో నీళ్లు నిలిచి దోమలు పుడుతున్నాయండి. పోయిన వానల్లో మా అమ్మాయి మలేరియాతో ఇరవై రోజులు మంచం దిగలేదు. ఈసారి వానల్లోపు తీయించకపోతే ఇల్లు ఖాళీ చేసేస్తామండి. మాస్టారు మళ్లీ నరసాపురానికే బదిలీ పెట్టుకుంటానంటున్నారు."

"ఆగండమ్మా," అన్నారు బాబాయి. "లారీ కిరాయి ఎవరిస్తారు? అరిగిన టైరు మా మొహాన పారేసిపోయినవాడు ఇస్తాడా?"

ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చునే పథకం వేశాను. కొత్త టైరు కొన్న ప్రతివాడి దగ్గరా ఐదు రూపాయలు అదనంగా తీసుకోవడం, ఆ డబ్బుతో కుప్ప ఎత్తించి, పాత రబ్బరు కొనే రాజమండ్రి వ్యాపారి దగ్గరికి పంపడం. "ఆగు. కొనేవాడు ఎదురు షాపుకి పోతాడు," అన్నారు బాబాయి. ఎదురు షాపాయన్ని కూడా నేనే వెళ్లి ఒప్పించాను. (ఈ ఎదురు షాపాయన్ని గుర్తుంచుకోండి.) డబ్బాలో పడిన ప్రతి ఐదు రూపాయలకూ నంబరు వేసి, సంతకం పెట్టి రసీదు ఇచ్చేవాణ్ణి. పద్ధతి అంటే నాకు అప్పటికే ప్రాణం.

వసూలు అంత తేలిగ్గా సాగలేదు. పెద్ద మీసాల రైతు ఒకాయన ట్రాక్టరు టైరు మీద చెయ్యివేసి నిలదీశాడు.

"ఐదు రూపాయలిస్తే నాకు మలేరియా రాదాండీ?"

"మీకని కాదండి, ఊరికి."

"ఊరికి రాకపోతే నాకేంటండి?"

"ఊళ్లో మీరూ ఉన్నారు కదండీ."

"నేను చేలో ఉంటానండి."

అయినా ఇచ్చాడు. రసీదు మడిచి జాగ్రత్తగా తలపాగాలో దోపుకున్నాడు. ఆ జాగ్రత్త చూసి నేను పొంగిపోయాను, భయపడవలసింది.

మృగశిర కార్తె ఇంకా రాకముందే డబ్బా నిండింది. లారీ మాట్లాడి, షాపు ముందు పలక మీద అందంగా రాశాను: రేపు మధ్యాహ్నం రెండు గంటలకు పాత టైర్లు లారీలో రాజమండ్రి పంపబడును. నేను చేసిన తప్పల్లా అదే. అన్నేళ్లూ ఎవరూ కన్నెత్తి చూడని కుప్ప ఆ ఒక్క వాక్యంతో నిధి అయిపోయింది. "లారీ పెట్టి మరీ అంతదూరం పంపుతున్నారంటే ఊరికే పంపుతారా?" అని కాలవ గట్టు మీద చర్చలు జరిగాయట. మర్నాడు తెల్లవారేసరికి షాపు ముందు జనం. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రసీదు. ముందు మీసాలాయన.

"మా వంతు టైరు ఇప్పించండి."

"ఆ డబ్బు కుప్ప ఎత్తించడానికండీ."

"మేం ఎత్తుకుపోతామండి. మీకెందుకు శ్రమ?"

గేదెకు కుడితి తొట్టి అని ఒకరు, పడవ పక్కన కట్టుకోవడానికని ఒకరు, ఏమో చూద్దామని చాలామంది దొర్లించుకుపోయారు. చివరికి లెక్కల మాస్టారు కూడా వచ్చారు. స్కూటరు టైరు కొన్న రసీదు చూపించి, కరివేపాకు మొక్క చుట్టూ పెడతానంటూ, వెతికి వెతికి నా లారీ టైరునే పట్టుకుపోయారు. రెండింటికి లారీ వచ్చేసరికి జాగాలో నాలుగు కప్పలున్నాయి.

"టైర్లేవండీ?" అన్నాడు డ్రైవరు.

"ఊళ్లో ఉన్నాయి," అన్నారు బాబాయి, జీవితంలో మొదటిసారి "ఆగు" అనకుండా.

కుప్ప పోయింది గానీ దోమలు ఇప్పుడు ఇంటింటికీ పంపిణీ అయినట్టేనని నాకు అర్థమైంది. మిగిలిన డబ్బుతో పంక్చర్లు వేసే ఆయన్ని కూలికి పెట్టుకుని, రసీదు పుస్తకం చూసుకుంటూ ఇల్లిల్లూ తిరిగి, నీళ్లు నిలవకుండా ప్రతి టైరుకూ నాలుగు కన్నాలు పొడిపించాను. ఆ వానాకాలం అమ్మాయికి జ్వరం రాలేదు. మాస్టారు బదిలీ పెట్టుకోలేదు.

కుప్ప పోయిన మర్నాడు పొద్దున వెనక్కి వెళ్లాను. అడ్డమేమీ లేదు. కిటికీ మొత్తం కనిపించింది. అమ్మాయి తలెత్తింది.

"టైర్లు తీయించింది మీరేనటండీ?"

"ఆయ్," అన్నాను. (మూడేళ్ల డిగ్రీ చదువుకు ఆ ఒక్క ముక్క మిగిలింది.)

లోపలినుంచి వాళ్లమ్మగారి గొంతు వినిపించింది. "ఇన్నాళ్లూ కుప్ప అడ్డం ఉండేది. ఇప్పుడు షాపుకొచ్చేవాళ్లందరికీ మనిల్లే కనిపిస్తోంది." వారం తిరిగేసరికి ఆ కిటికీకి తెల్లటి లేసు తెర వచ్చింది, అమ్మాయి అల్లినదే. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "కిటికీ రోజంతా తెరిచే ఉంది. తెర."

ఏడాది తర్వాత మాస్టారు శుభలేఖ ఇచ్చి నా భుజం తట్టారు. "ఈ ఊళ్లో ఉండిపోబట్టి ఇంత మంచి సంబంధం కుదిరింది. అంతా నీ చలవేనయ్యా." వరుడు ఎదురు షాపాయన పెద్దబ్బాయి.

మొన్న రాజమండ్రిలో నా స్కూటరుకు వెనక టైరు మార్పించాను. "పాతది ఇక్కడే వదిలేస్తారాండీ?" అని అడిగాడు షాపతను. వదిలెయ్యడమే సరైన పని. ఏం తోచిందో, ఇంటికి తెచ్చాను. పెరట్లో కూర్చుని టేపుతో కొలిచి, సుద్దతో గుర్తులు పెట్టి, డ్రిల్లింగు మిషనుతో చుట్టూ కన్నాలు పొడిచాను. ఒక్కో గుర్తు మీద మిషను ఆనించేటప్పుడల్లా ఆ కుర్రాడే గుర్తుకొచ్చాడు. కిటికీ తెరిచిన వేళ నిమిషాలతో సహా రాసుకుని, ఆ అమ్మాయి చీర రంగు ఒక్కసారి కూడా రాసుకోని వాడు.

మా ఆవిడ కాఫీ తెచ్చి కాసేపు చూసింది. "నీళ్లు పోడానికి నాలుగు చాలు కదండీ. ఇన్నెందుకు?"

మిషను పక్కన పెట్టి టైరును ఎండకు ఎత్తిపట్టాను. కన్నాల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా వచ్చి ఆవిడ చీర కుచ్చిళ్ల మీద పడింది. నీలం రంగు చీర. ఆ సాయంత్రం డైరీలో మొదట అదే రాశాను.