శూలం కింద పోయిన నంబరు

పొద్దుటి నుంచీ కిరసనాయిలు గుడ్డతో మా బస్సు ఇంజను బ్లాకు రుద్దుతూనే ఉన్నాను. రేపు మోటారు ఇన్‌స్పెక్టరు పావగడకు వస్తాడు. బ్లాకు మీది నంబరు, లైసెన్సు పుస్తకంలోని నంబరు ఒకటి కాకపోతే దొంగ ఇంజనని బస్సు నిలబెట్టేస్తాడు. ఈ ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంకో ఇంజను దొరకదు. అరిగిన సిలిండర్లు రెండుసార్లు తొలిపించి దీంతోనే నెట్టుకొస్తున్నాను.

జిడ్డు వదిలాక నంబరు ఉండాల్సిన చోట నున్నటి ఇనుము, దాని మీద శూలం గుర్తు కనిపించాయి. కమ్మరి నరసింహప్పను పిలిపించాను.

"ఈడ నంబరుండాల. ఏమాయప్పా?"

"ఏవో గీతలుండెన్నా. ఆయుధపూజకు దేవుని గుర్తు ఎయ్యమంటివి కదా. ఈడే చదునుగా ఉండాదని ఆకురాయితో అరగదీసి చెక్కినా."

"నన్నొక మాట అడగరాదా?"

"దేవుని గుర్తుకు అడిగేదేందన్నా?"

ఆ పూజనాడు ఆ శూలానికి కుంకుమ పెట్టిందీ, పని బాగుందని అతని భుజం తట్టిందీ నేనే. అది నంబరు చోటని ఆ రోజు తట్టలేదు.

రేపు ఇన్‌స్పెక్టరుకు ఏం చూపించాలో తెలిసినవాళ్ళు చెప్పండి. టెంకాయ కొట్టమని మాత్రం చెప్పకండి. అది అప్పుడే కొట్టేశాను.