అరవై మూడో పాట

కారులో పాటల సెట్టు దానంతట అదే మోగుతోందని చెప్పేవాళ్ళు మా షాపుకి ఏడాదికి ఒకళ్ళిద్దరైనా వస్తారు. ఒకాయన బంపరుకి నిమ్మకాయలు కట్టించుకుని మరీ వచ్చాడు. విప్పి చూస్తే ఎర్త్ వైరు లూజు. విజయవాడ ఆటోనగర్‌లో కార్ల కరెంటు పని చేయబట్టి చాలా ఏళ్ళయింది. దయ్యం అన్న ప్రతిచోటా నాకు దొరికింది తెగిన వైరో, కాలిన ఫ్యూజో. అందుకే ఆ మాట ఎవరెత్తినా నవ్వేవాణ్ణి. ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

మా అన్నయ్య మస్తాన్‌కి వన్ టౌన్‌లో క్యాసెట్లు రికార్డింగ్ చేసే షాపు ఉండేది. తొంభైల్లో అదొక వ్యాపారం. మనకి కావలసిన పాటలు తెల్లకాగితం మీద రాసిస్తే, ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి రెండు రోజులకి ఇచ్చేవాళ్ళు. పాటలన్నీ అయ్యాక చివర్లో ఎంతో కొంత టేపు మిగులుతుంది. మిగతా షాపులవాళ్ళు అక్కడ సగం పాట పెట్టి కోసేసేవాళ్ళు. అన్నయ్యకి సగం పాటంటే ఒళ్ళుమంట. మైకు దగ్గరికి లాక్కుని తనే మాట్లాడేవాడు. ఇంకా రెండు నిమిషాల టేపు మిగిలిందండీ, వృథా ఎందుకని, అంటూ మొదలుపెట్టి ఆ రోజు ఎండ గురించో, పక్క గోడౌన్లో ఎండుమిరపకాయల ఘాటు గురించో చెప్పేవాడు. కొందరు విసుక్కునేవాళ్ళు. కొందరు ఆ మాటల కోసమే మళ్ళీ వచ్చేవాళ్ళు.

అమ్మకీ ఒక క్యాసెట్ చేసిచ్చాడు. అన్నీ ఆవిడ ఏరుకున్న పాత పాటలే. చివర్లో ఆయన గొంతు. "అమ్మా, ఇంకా రెండు నిమిషాల టేపు మిగిలింది, వృథా ఎందుకని. షుగరు బిళ్ళ వేసుకున్నావా? మధ్యాహ్నం నాకోసం చూడకుండా తినెయ్." అంతే.

కామెర్లు ముదిరి అన్నయ్య పోయాక ఆయన గొంతు మాకు మిగిలింది ఆ క్యాసెట్లోనే. షాపులో చేసినవి ఎవరివి వాళ్ళు ఎప్పుడో పట్టుకుపోయారు. అమ్మ రోజూ అన్నం తినేముందు అది పెట్టించుకునేది. విని, అప్పుడు తినేది.

ఇక నేను చేసిన పని. టేప్ డెక్కు రిపేరు చేశాక అది పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఏదో ఒక క్యాసెట్ కావాలి. దానికి మంచి క్యాసెట్ ఎవరం వాడం. డెక్కులో ఏ కాస్త తేడా ఉన్నా టేపుని నమిలేస్తుంది. అందుకని ఇంట్లో ఉన్న పాతవి నాలుగైదు సంచిలో వేసుకుని పోతుండేవాణ్ణి. అప్పుడే ఇల్లు మారాం, సామానంతా కలగాపులగంగా ఉంది. చూడకుండా వేసుకున్నాను. ఆ రోజు ఒక డెక్కు నమిలేసింది. లాగితే టేపు తెగి, మెలికలు తిరిగి చేతికొచ్చింది. లేబుల్ మీద అన్నయ్య చేతిరాతతో 'అమ్మ' అని ఉంది.

అతికించబోయాను, కుదరలేదు. చివరి భాగమే పిండయిపోయింది. షాపులో అప్పుడు నేను ఒక్కణ్ణే. చెత్తబుట్టలో పారేశాను. ఇల్లు మారడంలో ఎక్కడో పోయిందని అమ్మకి చెప్పాను. ఆవిడ మంచాల కింద, అటక మీద, బియ్యం డబ్బాల వెనక వెతికింది. నేనూ ఆవిడతోపాటు వెతికాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ తర్వాత ఆరేళ్ళపాటు ఏ అట్టపెట్టె తెరిచినా అమ్మ ముందు దానికోసమే చూసేది.

నేను సెకండ్ హ్యాండు కారు కొన్నది పెన్ డ్రైవులు అందరి చేతుల్లోకీ వచ్చిన రోజుల్లో. యూఎస్‌బీ సెట్టు నేనే బిగించుకున్నాను. ఒక కంప్యూటర్ షాపులో పాటలు ఎక్కించుకున్నాను. అరవై రెండు. గుచ్చగానే సెట్టు మీద ఆ అంకె కనబడేది. ఆఖరిది అయిపోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఎక్కడ ఆపితే అక్కడినుంచే అందుకుంటుంది.

ఎండాకాలం, పగలు పదకొండు గంటలు. హనుమాన్ జంక్షన్‌లో ఉన్న మా అక్క దగ్గరికి అమ్మని తీసుకెళుతున్నాను. కారులో మేమిద్దరమే. ఏసీ వేసి అద్దాలు ఎత్తేశాను. గన్నవరం దాటాక అరవై రెండో పాట అయిపోయింది. సెట్టు మీద ఒకటో నంబరు పడాలి. అరవై మూడు పడింది.

ముందు సుయ్‌మని టేపు చప్పుడు. పెన్ డ్రైవులో ఆ చప్పుడు రాదు. తర్వాత 'టక్'మని రికార్డు మీట నొక్కిన శబ్దం. ఆ తర్వాత అన్నయ్య.

"అమ్మా, ఇంకా రెండు నిమిషాల టేపు మిగిలింది, వృథా ఎందుకని. తమ్ముణ్ణి ఏమీ అనకు. డెక్కు నమిలేస్తే వాడేం చేస్తాడు?"

మళ్ళీ 'టక్'. ఒకటో పాట మొదలైంది.

కారు పక్కకి తీసి ఆపాను. అమ్మ సెట్టువైపే చూస్తూ కూర్చుంది. ఆవిడకి భయం వేసినట్టు లేదు. కాసేపటికి నావైపు తిరిగింది.

"ఏ డెక్కురా?" అంది.

చెప్పాను. చెత్తబుట్ట సంగతీ, వెతికినట్టు నటించిన సంగతీ అన్నీ చెప్పాను. చెబుతూ ఏడ్చేశాను. అమ్మ కొంగుతో నా మొహం తుడవలేదు, దగ్గరికి తీసుకోలేదు.

"నాతోపాటు నువ్వూ మంచాల కింద దూరావు కదరా" అంది మెల్లగా.

తిట్టమ్మా, నాలుగు తిట్టు అన్నాను.

"ఎట్లా తిట్టను? వాడు వద్దన్నాడుగా" అంది. "పోనియ్యి. అక్క అన్నం పెట్టుకుని కూర్చుని ఉంటుంది."

ఆ రోజు అక్కయ్య ఇంట్లో అమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది. అదీ నాకు గుర్తుంది.

మర్నాడే సెట్టు విప్పాను. ఎర్త్ బాగానే ఉంది. పెన్ డ్రైవు కంప్యూటర్లో పెట్టి చూస్తే అరవై రెండు పాటలే. దాచిన ఫైళ్ళు కూడా చూపించమన్నాను. ఏమీ లేవు. పాటలెక్కించిన కుర్రాడు అన్నీ నెట్‌లోంచి దింపినవేనన్నాడు, క్యాసెట్ ఎలా ఉంటుందో అతనికి సరిగ్గా తెలియదు కూడా. పోనీ అన్నయ్య పాత క్యాసెట్ ఏదో ఎవరో కంప్యూటర్లోకి ఎక్కించారు, అది ఎలాగో ఇందులోకి వచ్చిందనుకుందాం. ఆయన బతికున్నప్పటి క్యాసెట్లో ఆ డెక్కు మాట ఎక్కడినుంచి వస్తుంది? అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. నా తప్పే నా చెవిలో మాట్లాడిందనుకుందామంటే, అమ్మ కూడా విన్నది. నేను విన్నదే, అక్షరం తేడా లేకుండా.

ఇప్పుడెవరైనా సెట్టు దానంతట అదే మోగుతోందని వస్తే ముందు ఎర్త్ వైరే చూస్తాను. వైరు లూజుగానే ఉంటుంది. కానీ నవ్వడం మానేశాను.

ఆ కారు అమ్మలేదు, సెట్టూ మార్చలేదు. అమ్మకి డెబ్బై దాటాయి. క్యాసెట్ కోసం మళ్ళీ ఎప్పుడూ వెతకలేదు. ఒక్కోసారి ఇంటి ముందుకి వచ్చేసరికి ఆఖరి పాట నడుస్తుంటుంది. అప్పుడు అమ్మ దిగదు, నేను ఇంజిను ఆపను. పాట అయిపోయి సెట్టు మీద మళ్ళీ ఒకటి పడ్డాకే ఆవిడ డోరు తీస్తుంది.