తలుపు లేని గూడు

మనిషి పరువు పోవడానికి పెద్ద పెద్ద తప్పులు చేయనక్కరలేదు. ఒక సుత్తి, గుప్పెడు మేకులు, పక్కన చూడటానికి కొత్త పెళ్ళాం ఉంటే చాలు. వడమాలపేటలో, మా అత్తవారి పెరట్లో, నా పరువు ఒక్క పూటలో ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అనుకునే వయసు దాటిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు, చిత్తూరులో గుమాస్తా పని. పెళ్ళయిన నాలుగో నెలలో అత్తారింటికి వెళ్తే, మా మామ మద్రాసు నుంచి కూతురికి ఒక జత సీమ ఎలుకలు తెచ్చి ఉన్నాడు. ఎలుకలంటే మన అటక మీదివి కావు. తోక ఉండదు, బూరుగు దూది ఉండల్లా బొద్దుగా ఉంటాయి. వాటిని గంప కింద మూసిపెట్టి, పాపం ఊపిరాడుతుందో లేదోనని మా ఆవిడ కామాక్షి దిగులుపడుతోంది.

"ఆచారిని పిలిపిస్తా. గూడు సేసిస్తాడు," అన్నాడు మామ.

"ఆచారి ఎందుకు మామా, నేను లేనా?" అన్నాను.

అప్పటిదాకా నేను కొట్టిన మేకు ఒక్కటే, గోడ మీద దేవుడి పటానికి. అది పటంతో సహా ఊడిపడింది. కానీ కామాక్షి నా వైపు ఒక చూపు చూసింది చూశారూ, ఆ చూపుకు చంద్రగిరి కోటకు ఇంకో ప్రహరీ కట్టమన్నా కట్టేవాణ్ణి.

"మేకులు జాగర్తబ్బా, యాడా దొరకడంల్యా," అంటూ మామ దాచుకున్న పొట్లం నా చేతిలో పెట్టాడు.

పాత పెట్టెల చెక్కలు చీల్చి మొదలుపెట్టాను. చిన్న గూడు కడితే అల్లుడి గొప్ప ఏం తెలుస్తుంది? నా గడ్డం ఎత్తు లేపాను. మూడు వైపులా, పైనా గాలికి సందులు వదిలి బద్దలు కొట్టాక, నాలుగో వైపు లోపలినుంచి కొడితే మేకు తలలు కనబడక అందంగా ఉంటుందని తోచింది. లోపల దూరాను. ఆఖరి మేకు దిగ్గొట్టి, చెమట తుడుచుకుని, "కామాక్షీ, అయిపోయినాది!" అని కేకేశాను.

ఆమె వచ్చి గూడు చుట్టూ ప్రదక్షిణం చేసింది.

"బాగుండాది. తలుపు యాడుండాది?"

నేనూ చుట్టూ చూశాను. తలుపు యాడా లేదు.

ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటారు. గొయ్యయితే పాక్కుంటూ పైకి రావచ్చు. నేను కప్పు కూడా వేసుకున్నాను. బద్ద పట్టుకుని లాగాను, సుత్తితో బాదాను, కదల్లేదు. పొట్లంలో మేకులన్నీ బద్దకు ఎనిమిది చొప్పున దించానాయె.

అంతలో మామ వచ్చాడు. "ఏందబ్బా, లోపలుండావు?"

"గాలి ఎట్ల తగులుతాదో సూస్తా ఉండా మామా."

మా అత్త అప్పటికింకా నా ఎదుటపడని మనిషి. వంటింటి తలుపు చాటునుంచే అంది: "అమ్మే కామాక్షీ, ఎండెక్కతా ఉండాది. ఆ సందులోంచి అల్లుడికి మజ్జిగన్నా ఇయ్యి."

మజ్జిగ చెంబు బద్దల సందులోంచి సులువుగా లోపలికి వచ్చింది. ఆ సులువు చూసైనా నాకు బుద్ధి రావలసింది. రాలేదు. ఆచారికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చేలోగా ఉన్న కాస్త పరువైనా దక్కించుకుందామని, "ఎలుకల్ని లోపలికి వదులు, ఇల్లెట్లుండాదో సూసుకుంటాయి," అన్నాను.

కామాక్షి సందులోంచి వదిలింది. అవి నా కాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి, ఎదురు సందులోంచి ఒకదాని వెనక ఒకటి తీరిగ్గా బయటికి నడిచి, తోటకూర మడిలో మేత మొదలుపెట్టాయి.

సరిగ్గా అప్పుడే ఆచారి వచ్చాడు. గూటిని చూశాడు, మడిలో ఎలుకలను చూశాడు, బద్దల వెనక నన్ను చూశాడు. మామ వైపు తిరిగి ఎంతో వినయంగా అడిగాడు:

"సామీ, గూడు గట్టిగానే ఉండాది. ఇంతకీ మీరు పెంచుకొనేది ఎవుర్ని?"

కామాక్షి కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పరుగెత్తింది. మా అత్త నవ్వు నేను మొదటిసారి విన్నది ఆ రోజే. ఆచారి గునపంతో బద్దలు పీకి నన్ను విడిపించాక, ఏడుకొండల వైపు తిరిగి రెండు చేతులూ జోడించి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ప్రాణమున్న దేనికీ గూడు కట్టను. కట్టక తప్పకపోతే, బయట నిలబడి కడతాను.