నోరు విప్పిన గూఢచారి

డబ్బింగ్ థియేటర్లో ఆమె పని గుంపులో గొంతు కలపడం. తెర మీద సంత జరిగితే గోల చెయ్యాలి, బాంబు పేలితే కెవ్వుమనాలి, ఎవరైనా పోతే నలుగురితో కలిసి ఘొల్లుమనాలి. ఆమెకంటూ విడిగా ఒక్క డైలాగు ఏనాడూ రాలేదు. మొగుడికి మాత్రం అన్నీ డైలాగులే. హీరోలకి గొంతు అరువిచ్చే మనిషాయన. అందరూ ‘కంచు’ అని పిలిచేవారు, అసలు పేరు ఆయనే మర్చిపోయాడేమో. ఇంట్లోనూ అంతే, ఆయన మాట్లాడేవాడు, ఆమె ఊఁ కొట్టేది.

ఒక్క విషయంలో మాత్రం ఊఁ కొట్టలేదు. అది అట్ట ఊడిపోయిన ఒక గూఢచారి నవల. పెళ్ళికి ముందు నుంచీ ఆమె దగ్గరుంది. అందులో గూఢచారి శత్రువులకి దొరికిపోతాడు. చివరి అధ్యాయమంతా ఒక గదిలోనే. కొడతారు, బతిమాలతారు, ఆశ పెడతారు. వాడు మాత్రం నోరు మెదపడు. చివరికి విసుగెత్తి, అవతల బందీగా ఉన్న తమ మనిషికి బదులుగా వాణ్ణి వదిలేస్తారు. ఇంటికొచ్చి తలుపు తడతాడు, పెళ్ళాం తలుపు తీస్తుంది. నవల అయిపోతుంది.

ఆ నవలని సినిమాగా తీసినవాళ్ళకి ఇది రుచించలేదు. హీరో నోరు మూసుకు కూర్చుంటే జనం టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడుగుతారని, వాడి చేత భారీ డైలాగు చెప్పించి, చివర్లో వాణ్ణి తుపాకీతో కాల్చి చంపించారు. ఆ డైలాగు చెప్పింది కంచే. హాళ్ళు ఈలలతో దద్దరిల్లాయి. ఆ తర్వాత బ్యాంకుకి వెళ్ళినా, బస్సెక్కినా జనం ఆ డైలాగు చెప్పమనేవాళ్ళు. ఈయనా అడిగిందే తడవుగా మొదలెట్టేవాడు.

“పుస్తకాన్ని మంటగలిపారండీ మీ సినిమావాళ్ళు,” అనేది ఆమె.

“పోవే. నీ పుస్తకంలో ఉన్నవాడు గూఢచారా, మూగవాడా?”

“నోరు విప్పలేదు కాబట్టే ఇంటికొచ్చాడు. మీవాడు అంత మాట్లాడి ఏం సాధించాడట? చచ్చాడు.”

“చస్తే చచ్చాడు. ఎంత బాగా చచ్చాడో చూడు!”

ఈ పోట్లాట వాళ్ళకి కాపురంలో ఒక భాగం. కూర మాడినా, కరెంటు పోయినా చివరికి మాట అక్కడికే చేరేది.

తర్వాత కంచు గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, దుమ్మన్నారు. చివరికి పెద్ద ఆసుపత్రి డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. గొంతులో క్యాన్సరు. స్వరపేటిక తీసేస్తే మాట పోతుంది గానీ మనిషి దక్కుతాడు, లేకపోతే కష్టం. అక్కడ తలూపిన కంచు, ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, “తీయించుకోను,” అన్నాడు.

“మరి నా సంగతేంటండీ?”

“సినిమాలో లాగే పోతానే. మాట్లాడుతూనే పోతాను.”

“మీ మాటలెవరిక్కావాలి? నాకు మీరు కావాలి!” అని ఆమె అరిచింది. కంచు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముందు ఏడ్చింది, మందుబిళ్ళ ఇస్తూ ఏడ్చింది. ఆయన ససేమిరా అన్నాడు.

ఆ రోజుల్లోనే అదే నవలని సీరియల్‌గా తీశారు. ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. సీరియల్ తీసినవాళ్ళు పుస్తకాన్ని మార్చలేదు. ఒక గది, ఒక బల్ల, నోరు విప్పని మనిషి. భాగం మొత్తం అంతే. కంచు బొమ్మ చూడడం మానేసి, కళ్ళు మూసుకుని విన్నాడు. తెర మీద మనిషి మాట్లాడకపోయినా, వాడి ఊపిరికి ఎవరో మైకు ముందు నిలబడి డబ్బింగ్ చెప్పాల్సిందే. దెబ్బ పడబోయే ముందు బిగబట్టిన ఊపిరి, మంచినీళ్ళు చూపించి తీసేసినప్పుడు జారిన ఊపిరి, అన్నీ వరసగా వినిపించాయి.

“ఎవడో గానీ కడుపులోంచి చెప్పాడే,” అన్నాడు బొంగురుగా. ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకుని ఆయన్నే చూస్తోంది. ఆయన కళ్ళు తెరిచి ఆమె మొహం వైపు చాలాసేపు చూశాడు.

“సరే, నీ పుస్తకమే గెలిచిందిలే. రేపు ఆసుపత్రికి పోదాం,” అన్నాడు.

ఆపరేషన్ అయింది. కంచు బతికాడు. ఆమె ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

కానీ నవల తలుపు తీయడంతో అయిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో రచయిత రాయలేదు, సీరియల్‌వాళ్ళూ చూపించలేదు. కంచు ఊపిరి ఇప్పుడు మెడకి పెట్టిన కన్నంలోంచి వచ్చి పోతోంది. నవ్వినా చప్పుడు లేదు, ఏడ్చినా చప్పుడు లేదు. మెడకి ఆనించి మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. అందులోంచి రేకుడబ్బా చప్పుడులా వచ్చిన మొదటి మాట వినగానే ఆయన దాన్ని బీరువాలో పెట్టేశాడు. పాలవాడితో, ఫోన్లో, చుట్టాలతో, అందరితో ఇప్పుడు ఆమే మాట్లాడాలి. ఊఁ కొట్టేవాళ్ళు లేక ఆమె మాటలు మధ్యలోనే ఆగిపోయేవి.

ఒక మధ్యాహ్నం టీవీలో ఆ పాత సినిమా వచ్చింది. చివరి సీను మొదలవుతుంటే ఆపేద్దామని ఆమె రిమోట్ కోసం వంగింది. కంచు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంటినిండా ఆయన గొంతు మోగింది. ఆయన పెదాలు కదిలాయి. బతుకంతా ఎవరి పెదాలకో తన గొంతు అతికించిన మనిషి, ఇప్పుడు తన గొంతుకి తన పెదాలు అతికిస్తున్నాడు. ఒక్క అక్షరం తప్పలేదు.

తుపాకీ పేలింది. హీరో కూలిపోయాడు. ప్రకటనలు మొదలయ్యాయి. కంచు పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. తెర మీద పెదాలు చూసి చూసి అలవాటైన మనిషి కాబట్టి ఆమెకి అర్థమైంది.

‘ఇదే బాగుంది,’ అంటున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి.

ఆ రోజు ఆపరేషన్‌కి ఆయన సీరియల్ చూసి ఒప్పుకోలేదని, తన మొహం చూసి ఒప్పుకున్నాడని ఆమెకి అప్పుడు తెలిసింది.

“అవునండీ,” అంది ఆయన కళ్ళు తుడుస్తూ. “సినిమానే బాగుంది.”

అది అబద్ధం. ఆయన భుజం వెచ్చగా ఆమె భుజానికి తగులుతోంది, ఆమెకి అది చాలు. ఆయనకి చాలలేదని తెలిసీ తనకి చాలని అనిపించినందుకు సిగ్గేసి, తల తిప్పుకుంది.