గ్యాస్ అన్నది నేను కాదు

రెండేళ్లుగా అడుగుతున్నాను. ఫోన్ చేస్తే సెక్రటరీ ఎత్తి, డాక్టరుగారు ప్రయాణంలో ఉన్నారంటుంది. మెసేజ్ పెడితే దండం బొమ్మ ఒకటి వస్తుంది. అది జవాబు కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంటర్నల్ మెడిసిన్ రెండో ఏడు రెసిడెంట్‌ని. నా కింద వాసు ఇంటర్న్, అంటే మొదటి ఏడు. రోగిని ముందుగా ఇంటర్న్ చూస్తాడు, రెసిడెంట్ సరిచూస్తాడు, తుది మాట అటెండింగ్ డాక్టరుది. ఆ చలికాలం మేమిద్దరం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. వంట నాది, అంట్లు అతనివి. అతను తోమినవి మళ్లీ నేనే తోముకునేవాణ్ణి. నన్ను ‘గురూ’ అనేవాడు. నాగపూర్‌లో పెరిగినవాడు కనుక అతని తెలుగు వంటింటి మేరకే. మంచు కరిగేసరికి వేరే ఊళ్లో సీటు చూసుకుని వెళ్లిపోయాడు. మా స్నేహం అంతే. ఇప్పుడు టీవీలో, పెద్ద పెద్ద వేదికల మీద కనిపించే గుండె వైద్యుడు అతనే.

ఒక మధ్యాహ్నం ఎమర్జెన్సీకి ఒక తెలుగు పెద్దావిడను తీసుకొచ్చారు. కూతురి పురిటికని ఇండియా నుంచి వచ్చింది. అల్లుడు పక్కనే నిలబడి ఉన్నాడు. వాసు అడిగితే ఆవిడ, “ఏం లేదు నాయనా, కాస్త గ్యాసు పట్టేసింది. సోడా తాగితే పోతుంది. అల్లుడుగారు అనవసరంగా సెలవు పెట్టారు” అంది.

వాసు బయటికి వచ్చి నాకు చెప్పాడు. “గ్యాస్, గురూ. యాంటాసిడ్ ఇచ్చి పంపేద్దాం.”

నేను తెర తీసి చూశాను. బయట మంచు కురుస్తుంటే ఆవిడ పై పెదవి మీద చెమట. అల్లుడి ఇంట్లో ఉన్న అత్తగారికి ఒంట్లో బాగోలేదని చెప్పడమే నామోషీ. ఇక ఆయన ఎదుట ఏం చెబుతుంది? ఆయన్ని కాఫీ తాగి రమ్మని పంపేసి, ఆవిడ పక్కన కూర్చుని, “అమ్మా, ఇప్పుడు చెప్పండి” అన్నాను.

“రుబ్బురోలు పొత్రం తెచ్చి గుండెల మీద పెట్టినట్టుంది బాబూ. మా అమ్మాయికి చెప్పకండి, పచ్చి బాలింత.”

ఈసీజీ తీయించాను. గుండెపోటు. అటెండింగ్ వెంటనే కరోనరీ కేర్ యూనిట్‌లో చేర్చుకున్నాడు. ఆవిడ బతికింది. ఆ సాయంత్రం వాసు, “ఆ అల్లుణ్ణెందుకు బయటికి పంపావు గురూ?” అని అడిగాడు. అన్నం వారుస్తూ చెప్పాను.

ఇప్పుడు అతని ప్రసంగాల్లో పేరు మోసిన సూత్రం, ‘ముందు గది ఖాళీ చేయండి’ అన్నది, అదే. దాన్ని తనదని చెప్పుకున్నా ఊరుకునేవాణ్ణి. వైద్యంలో ఒకరి దగ్గర ఒకరం నేర్చుకుంటాం. కానీ అతని కథలో గ్యాస్ అని తేల్చింది ‘నా సీనియర్, తెలుగువాడు, నా రూమ్మేట్, పులిహోర అద్భుతంగా చేసేవాడు’. అల్లుణ్ణి బయటికి పంపినవాడు వాసు.

డాలస్ పక్కన నేనిప్పుడు ఉంటున్న ఫ్రిస్కోలో నన్ను ఎరిగినవాళ్లకు ఇంకేం కావాలి? తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో మా పక్కింటి రావుగారు ప్లేటు పట్టుకుని వచ్చి, “డాక్టరుగారూ, మీ పులిహోర తిన్నాక గుండె పట్టేసిందండీ. గ్యాసేనంటారా?” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా మనవరాలు మెడికల్ స్కూల్లో ఉంది. వాళ్ల క్లాసులో వాసు ప్రసంగం వీడియో వేశారట. “తాతా, ఆ గ్యాస్ డాక్టర్ నువ్వు కాదు కదా?” అంది. కాదన్నాను. “ఓకే తాతా” అంది. ఆ ఓకేలో నమ్మకం లేదు.

కిందటేడు డాలస్‌లో తెలుగువాళ్ల సభకు అతను వచ్చాడు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి పట్టుకున్నాను. కౌగిలించుకున్నాడు.

“గురూ! నీ పులిహోర ఇంకా నాలిక మీదే ఉందోయ్!”

“గ్యాస్ అన్నది ఎవరు వాసూ?”

“అది స్టోరీ కదా గురూ. స్టేజ్ మీద ఎవరో ఒకరు తప్పు చేయాలిగా.”

“చేసినవాడివి నువ్వున్నావుగా.”

“ముందు సెల్ఫీ తీసుకుందాం రా” అన్నాడు. తీసుకున్నాడు. వెళ్లిపోయాడు.

ఆ పెద్దావిడ ఇప్పుడు లేదు. అల్లుడి జాడ తెలియదు. అటెండింగ్ ఏనాడో పోయాడు. నిజం తెలిసినవాళ్లం మేమిద్దరమే మిగిలాం, అందులో మైకు ఉన్నది అతనికి.

మనిషి ఏం చెప్పాడన్నదే కాదు, ఎవరి ఎదుట చెప్పాడన్నది కూడా చూడాలని ఆ మధ్యాహ్నం నాకు నేర్పింది. వాసు చెబుతున్నది జనం ఎదుట. కనుక ఈసారి గది ఖాళీ చేయమని నేను అడగను. వాసూ, నిండిన హాల్లోనే, మైకు ముందు నిలబడి చెప్పు: ఆ రోజు గ్యాస్ అన్నది ఎవరు?